అఖిల పేనిన మోకు

విలుకాడన్నవాడు తోలు పనే నేర్చుకోవాలి. ఇది ఏ శాసనంలోనూ రాసి లేదు గానీ, గిరిదుర్గం ఆట ఆడేవాళ్ళంతా దీన్ని శాసనం కంటే గట్టిగా పట్టుకుని వేలాడతారు. ఎవరి వీడియో పెట్టుకుని చూసినా అదే పాట. దూరం నుంచి బాణం వేసేవాడి ఒళ్ళు మెత్తన, కాబట్టి తోలు చొక్కా కుట్టుకోవడం నేర్చుకోండి, లైక్ కొట్టండి, సబ్‌స్క్రైబ్ చేయండి. ఒకడు అన్నాడు కదా అని ఇంకొకడు, ఇంకొకడు అన్నాడు కదా అని వెయ్యిమంది. గొర్రెదాటు అంటే ఇదే మరి.

గిరిదుర్గం అంటే తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. కంప్యూటర్‌లో ఆడే కోట యుద్ధం. ఇటు నలుగురు, అటు నలుగురు. ఒకరు డాలు పడతారు, ఒకరు కత్తి దూస్తారు, ఒకరు గాయాలకు మందు వేస్తారు, ఒకరు దూరం నుంచి బాణం వేస్తారు. అవతలి నలుగురినీ ముందు పడగొట్టినవాళ్ళదే కోట. నలభయ్యో మెట్టు ఎక్కగానే ఆట మనల్ని ఒక చేతిపని ఎంచుకోమంటుంది. తోలు పని, వడ్రంగం, మందులు నూరడం, తాడు పేనడం, ఇలా ఓ ఆరున్నాయి. ఒకసారి నొక్కితే నాలుగు నెలల దాకా మార్చుకునే దారి లేదు. తాళికట్టిన పెళ్ళికైనా విడాకులున్నాయి గానీ దీనికి లేవు.

ఆ మధ్యాహ్నం సిరిసిల్ల కొత్త బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌లో జనం పలచబడ్డారు. ఆధార్ కార్డు పనులవాళ్ళు, హాల్‌టికెట్ల పిల్లలు వెళ్ళిపోయారు. అఖిల అక్కడ ఆపరేటర్. రెండు నుంచి నాలుగు దాకా పని లేకపోతే మూల కంప్యూటర్‌లో ఆడుకోమని ఓనర్ హన్మండ్లు ఎప్పుడో అనుమతి ఇచ్చేశాడు. ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుంది. అవతల లైన్లో జట్టు మొత్తం ఉంది. కోరుట్లలో సెల్‌ఫోన్ల రిపేరు షాపు నడిపే అభినవ్ కెప్టెన్, కత్తి అతనిది. జగిత్యాల సాయితేజ డాలు పడతాడు. మల్యాల సౌమ్య మందు వేస్తుంది. విల్లు అఖిలది. జిల్లాలు దాటి గురి కొట్టే పిల్ల అని ఆటలో పేరు.

మెట్టు నలభై పడింది. ఆరు పనులూ తెర మీదికి వచ్చాయి. అఖిల మౌస్ కదిపింది, నొక్కింది.

"గదేంది? ఏం నొక్కినవే?" సాయితేజ అరిచాడు.

"పేనుడు."

"చెయ్యి జారిందా?"

"జారలే. సూసే నొక్కిన."

 సాయితేజ నవ్వు మొదలుపెట్టాడు. ఆ నవ్వు నడుమ నుంచి అభినవ్ గొంతు నెమ్మదిగా వచ్చింది. అతనికి కోపం వస్తే గొంతు తగ్గుతుంది, అదొక రకం మనిషి.

"అఖిలా, నువ్వు మస్తు గురి కొడుతవ్. నేనెప్పుడన్న కాదన్ననా? కని ఫైనల్ ఇంక నెల గూడ లేదు. తాడు పేనుకుంట కూసునే విలుకాడిని పెట్టుకొని నేనేం జెయ్యాలె? బజార్ల తాడు చిల్లరకు దొరుకుతది."

"దొరుకుతది అన్నా. కని గది నాది కాదు."

"నాది నీది ఏందే? గిది ఆట." అతను ఊపిరి వదిలాడు. "సూడు, తాడిచెట్టు ఎక్కేటోన్ని ఎంతదాంక ఎగదోస్తం? కోరుట్లల అంజి ఉన్నడు. తోలు పని పూర్తిగ నేర్సుకొని కూసున్నడు. నువ్వు గిట్ల జేస్తె నీ కుర్సీల గాన్ని కూసుండబెడుత. తర్వాత నన్ను అనొద్దు."

అనేశాడు పాపం, ఎవరితో అంటున్నాడో తెలియక. 

"నన్నెవ్వలు ఎగదోయద్దు అన్నా. మా ఇంట్ల చెట్టెక్కేటోల్లను ఎవ్వలు ఎగదోయలే," అంది. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

కోనరావుపేటలో నర్సింగం ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ముప్పయ్యేళ్ళుగా తాటికల్లు గీత పని చేస్తున్న మనిషి. పొద్దున్నొక పది చెట్లు, సాయంత్రం మళ్ళీ అవే పది. జ్వరమొచ్చినా, ఇంటికి చుట్టాలొచ్చినా, ఊళ్ళో ఓట్లున్నా సరే. ఒక్క పూట గీయకపోతే చెట్టు అలుగుతుందని ఆయన మాట. ఆయనకు అఖిల ఒక్కతే బిడ్డ.

ఆయన మోకు వసారాలో కొయ్యకు వేలాడుతూ ఉంటుంది. మోకు అంటే గీత పనివాడు తన నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే లావు తాడు. నార, తోలు కలిపి పేనుతారు. దాన్ని ఆధారం చేసుకుని తాటిచెట్టు కొసన వెనక్కి వాలి కూర్చుంటే రెండు చేతులూ ఖాళీ. ఒక చేత్తో కత్తి, ఒక చేత్తో కల్లు పట్టే లొట్టి. కింద నలభై అడుగుల గాలి. ఆ గాలికీ మనిషికీ నడుమ ఉన్నది ఆ తాడొక్కటే.

అఖిల ఏడేళ్ళప్పుడు ఒకసారి ఆ మోకును కొయ్య మీంచి తీసి మెడలో వేసుకుంది. నర్సింగం పరుగున వచ్చి లాక్కున్నాడు. ఎప్పుడూ గట్టిగా ఒక్క మాట అనని తండ్రి, ఆ రోజు అన్నాడు.

"ముట్టద్దు! గిది నాది."

"నాగ్గూడ ఒకటి గావాలె."

"గావాలంటె పేనుకోవాలె. ఎవలది వాల్లే పేనుకోవాలె. ఒకలది ఒకలు కట్టుకోరు."

ఆ పిల్ల రెండు పూటలు అన్నం తినకుండా ఏడ్చింది. ఏడ్చినా ఆయన ఇవ్వలేదు. ఆ ఇంటి ఆనవాయితీ అది. తన తాడు ఇంకొకరికి ఇవ్వరు, ఇంకొకరి తాడు తాము కట్టుకోరు. తమ్ముడైనా సరే, అల్లుడైనా సరే. ఏ పోగు ఎక్కడ నలిగిందో పేనిన చేతికే తెలుస్తుంది కాబట్టి.

ఇన్నేళ్ళ తర్వాత, పేనుడు నొక్కడానికి ముందు, చేతిపనుల జాబితా తెర మీద చదువుతుంటే, తాడు పని కింద చివరాఖరున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం కనపడింది. "పేనిన నడుము తాడు కట్టుకున్నవారు నిలువు స్తంభాలు ఎక్కగలరు, పైన వారి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి." వెయ్యిమంది వీడియోలు తీశారే, ఒక్కడూ ఆ వాక్యం దాకా చదవలేదు. అఖిల చదివింది. చదివి, మళ్ళీ ఒకసారి చదివింది. విలుకాడికి కావలసింది ఎత్తు. ఎత్తు మీద కావలసింది ఖాళీ చేతులు. ఆ సంగతి తెలుసుకోవడానికి ఆమెకు వీడియో ఎందుకు? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రోజుకు ఇరవై సార్లు తలెత్తి చూస్తూనే ఉంది.

కానీ తెలిసినంత మాత్రాన అయిపోతుందా? మొదటి ప్రాక్టీసులోనే పరువు పోయింది.

ఆ కోట నడుమ రెండు రాతి స్తంభాలున్నాయి, తాటిచెట్టంత ఎత్తువి, మెట్లు లేనివి. అఖిల మూడు రోజులు కూర్చుని పేనిన తాడు నడుముకు చుట్టి ఒకదాని మీదికి బయల్దేరింది. సగం ఎక్కింది. ఠప్పున తెగింది. ఆట మొదలైన నిమిషానికే ఆమె బొమ్మ కింద పడి ఉంది. విలుకాడు లేని జట్టు రెండో నిమిషంలో ఓడింది.

"పండిన తాటిపండు పడ్డట్టు పడ్డదిరా!" సాయితేజ పొట్ట పట్టుకుని నవ్వాడు.

అభినవ్ నవ్వలేదు. "వచ్చే శనివారం కోరుట్లకు రా. అంజి గూడ వస్తడు. ఇద్దర్ల ఎవలు నిలబడితె వాల్లదే కుర్సీ," అన్నాడు. గొంతు బాగా తగ్గి ఉంది.

ఆదివారం పొద్దున అఖిల వసారాలో కూర్చుని, ఆ పడిపోయిన ముక్కను ఫోనులో మళ్ళీ మళ్ళీ వేసుకుని చూస్తోంది. చెట్ల మీంచి వచ్చిన నర్సింగం లొట్లు దింపి, చేతులు కడుక్కుని, కూతురి భుజం మీంచి వంగి చూశాడు.

"గా ఎక్కే పిల్ల నువ్వేనా?"

"నేనే బాపు."

"ఎందుకు పడ్డవ్?"

"తాడు తెగింది."

"ఎవలు పేనిన్రు?"

"నేనే."

ఆయన ముఖంలో ఏదో కదిలింది. ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. ఇంకోసారి వేయమన్నాడు. చూశాడు. ఇంకోసారి. మూడోసారికి ఫోను తిరిగి ఇచ్చేసి, కూతుర్ని ఎగాదిగా చూశాడు.

"పట్టి సూడకుంట ఎక్కినవ్ గదనే! థూ, నీ అక్కెర పాడుగాను. గీతోని బిడ్డవేనా నువ్వు?"

చెప్పొద్దూ, ఆ తిట్టుతో అఖిలకు నిద్ర వదిలినట్టయింది. ఎందుకంటే నిజమే. ఆటలో ఒక మీట ఉంది. దాన్ని నాలుగు సెకండ్లు నొక్కి పట్టుకుంటే తాడు పోగు పోగుగా చేతుల్లోంచి జారుతుంది. నలిగిన పోగు ఎర్రగా కనపడుతుంది. కనపడేది కూడా పేనినవాళ్ళ కళ్ళకే, కొనుక్కున్నవాళ్ళకు కాదు. ఆమె ఆ మీట నొక్కనే లేదు. పేనింది నేనే కదా, నాకు తెలియదా అనుకుంది. కొనుక్కున్నవాళ్ళకు చూసే దారి లేదు, ఆమె ఉండీ చూడలేదు. ఆ ధీమా తన చేత్తో పేనుకున్నవాళ్ళకే వస్తుంది.

నర్సింగం కొయ్య మీంచి మోకు దింపి అరుగు మీద కూర్చున్నాడు. కూతురి చేతికి ఇవ్వలేదు, ఆ మాట అటుంచండి. కళ్ళు మూసుకుని, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా గుప్పిట్లోంచి జార్చుతూ, బొటనవేలితో ఒత్తుకుంటూ పోయాడు. ఒక చోట ఆగాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ సాగాడు.

"కండ్లు మోసం జేస్తయ్ బిడ్డా. బొటనేలు మోసం జెయ్యది. ముప్పయ్యేండ్లసంది దినాం రెండు పూటలు సూస్తున్న. నిన్న సూసిన గద అని ఇయ్యాల సూడకుంట ఎక్కలే. నేను ఇంటికి వస్తున్ననంటె గందుకే."

లోపల నుంచి అఖిల తల్లి మల్లవ్వ చాయ గ్లాసులతో వచ్చింది. తండ్రినీ కూతుర్నీ, వాళ్ళ నడుమ ఉన్న తాడునూ ఫోనునూ చూసింది.

"మంచిగున్నది. తండ్రి చెట్టు మీద, బిడ్డ కంప్యూటర్ మీద. నేనొక్కదాన్నే భూమ్మీద," అంది. చాయ గ్లాసులు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా అఖిల నెట్ సెంటర్‌లో ఖాళీ దొరికితే చాలు, తాడు పేనింది, ఎక్కింది, దిగింది. ఎక్కే ప్రతిసారీ నాలుగు సెకండ్లు. దిగడం కూడా నేర్చుకుంది, ఎందుకంటే "దిగినంకనే ఎక్కినట్టు" అని తండ్రి ఇంకో మాట కూడా చెప్పాడు. పైన వెనక్కి వాలి కూర్చోవడం వచ్చాక మాత్రం ఆమెకు ఇక కింద ఆడబుద్ధి కాలేదు. అక్కడి నుంచి కోట మొత్తం అరచేతిలో గీతల్లా కనపడుతుంది.

శనివారం కోరుట్లలో అభినవ్ షాపు పైగదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టారు. అంజి ముందే వచ్చి కూర్చున్నాడు. మంచి పిల్లగాడే, నెమ్మదస్తుడు, హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని మర్యాదగా పలకరించాడు. మొదటి ఆట, ఆన్‌లైన్లో దొరికిన ఒక జట్టు మీద, అతను ఆడాడు. తోలు చొక్కా వేసుకుని గోడ చాటు నుంచి బాణాలు వేశాడు, ముగ్గురిని పడగొట్టాడు, నాలుగోవాడి చేతిలో పడ్డాడు. పరవాలేదు. పుస్తకంలో చెప్పినట్టు ఆడాడు.

రెండో ఆట అఖిలది. స్తంభం మొదట్లో ఆగింది. తాడు పట్టి చూసింది. సాయితేజ "జల్దీ జల్దీ" అని గోల చేస్తూనే ఉన్నాడు. ఎక్కింది. పైన వెనక్కి వాలింది. ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియని బాణాలు నాలుగు వచ్చాయి, అవతల నలుగురు పడ్డారు.

 అభినవ్ కుర్చీ వెనక్కి జరిపి ఆమె తెర దగ్గరికి వచ్చాడు.

"గట్లెట్ల కూసున్నవే? రెండు చేతులు ఇడిసి?"

"మా బాపు గిట్లనే కూసుంటడు."

అంజి మెడలోంచి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "అన్నా, కుర్సీ ఆమెదే. నేను చప్పట్లు కొడత," అన్నాడు. చెప్పాను కదా, మంచి పిల్లగాడని.

అభినవ్ మాత్రం ఇంకా తల గోక్కుంటూనే ఉన్నాడు. "కుర్సీ నీదే. ఒప్పుకుంటున్న. కని ఫైనల్‌ల గా పట్టి సూసుడు బంద్ జెయ్యాలె. నాలుగు సెకండ్లంటె మాటలా? గంతల మేం సస్తం."

"పట్టి సూడకుంట నేను ఎక్కనన్నా."

"అఖిలా..."

"ఎక్క. కుర్సీ అంజికియ్యి, పో."

అభినవ్ తన కుర్చీకి తిరిగి వెళ్ళాడు. "సరె. ఓడితె అందరం నీ పేరే చెప్తం," అన్నాడు. అఖిల తలూపింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గానీ ఆమెకు ఆ మాట బరువు తెలియలేదు. తోలు పని నొక్కి ఉంటే ఈ బాధంతా లేదు. గెలిచినా ఓడినా నలుగురితో నారాయణ. ఇప్పుడు తప్పు జరిగితే తనొక్కదానిదే, పైగా తండ్రి నేర్పిన పద్ధతిది కూడా. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఈలోగా సాయితేజ ఒక ఘనకార్యం చేశాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. కోరుట్లలో అఖిల ఆడిన ముక్కను రికార్డు చేసి, "మా విలుకత్తె" అని రాసి ఇన్‌స్టాలో పెట్టేశాడు. పొగరుతో కాదు, నిజంగా గొప్పగా అనిపించే పెట్టాడు. కానీ ఫైనల్లో ఎదురయ్యే నిజామాబాద్ జట్టు కూడా ఆ వీడియో చూసింది. వాళ్ళ విలుకాడు బజార్లో నడుము తాడు కొనుక్కున్నాడు.

జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాలులో ఫైనల్. వేదిక మీద అటు నాలుగు, ఇటు నాలుగు కంప్యూటర్లు. వెనకాల గోడంత తెర, ఎవరేం చేస్తున్నా జనానికి కనపడేలా. మూడు ఆటలు, రెండు గెలిచినవాళ్ళదే కప్పు. మొదటి ఆట అఖిల జట్టు గెలిచింది. రెండోది నిజామాబాద్ వాళ్ళు గెలిచారు, ఎందుకంటే వాళ్ళ విలుకాడు రెండు ఆటల్లోనూ ఎదుటి స్తంభం ఎక్కాడు, రెండోసారి అఖిల కంటే నాలుగు సెకండ్ల ముందే ఎక్కేశాడు. వాడికి పట్టి చూసే పని లేదు మరి.

"సూసినవా? సూసినవా నాలుగు సెకండ్లు?" విరామంలో అభినవ్ నీళ్ళ సీసా మూత పెట్టలేక అవస్థ పడుతూ అన్నాడు.

 అఖిల హాలు చివరికి చూస్తోంది. అక్కడ కుర్చీలు నిండిపోయి జనం గోడకు ఆనుకుని నిలబడ్డారు. వాళ్ళ నడుమ భుజం మీద తువ్వాలతో నర్సింగం. రానన్న మనిషి. చెట్లను వదిలి ఏ పెళ్ళికీ పోని మనిషి. పొద్దటి గీత ముగించుకుని, రెండు బస్సులు మారి వచ్చినట్టున్నాడు, చొక్కా జేబు మీద కల్లు మరక ఇంకా ఆరలేదు.  ఆయన చెయ్యెత్తలేదు, నవ్వలేదు. తల కొంచెం ఊపాడు, అంతే.

మూడో ఆట. గంట మోగిన అర నిమిషానికే అభినవ్ అవతలి కత్తివాణ్ణి పడగొట్టాడు, మరుక్షణం తనూ పడ్డాడు. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. సాయితేజ డాలు అడ్డం పెట్టి అఖిలను స్తంభం దాకా తెచ్చాడు. అవతల స్తంభం కొసకు నిజామాబాద్ విలుకాడు అప్పటికే చేరాడు.

"ఎక్కు! ఎక్కవే తల్లీ!" సాయితేజ గొంతు చిరిగిపోతోంది.

అఖిల మీట నొక్కి పట్టుకుంది. ఒకటి. తాడు చేతుల్లోంచి జారుతోంది. రెండు. డాలు మీద బాణం పడిన చప్పుడు. మూడు. ఎర్రటి పోగు.

నలిగిపోయి ఉంది. పోయిన ఆటలో దిగేటప్పుడు రాయికి ఒరుసుకున్నట్టుంది. దాన్ని తీసి కొత్త పోగు పేనాలంటే ఇంకో ఆరు సెకండ్లు. హాలంతా "ఎక్కు ఎక్కు" అని అరుస్తోంది. అభినవ్ తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. అఖిల పేనడం మొదలుపెట్టింది. సాయితేజ డాలు పగిలింది. సాయితేజ పడ్డాడు. సౌమ్య పరిగెత్తుకొచ్చి తన ఒంటినే అడ్డం పెట్టింది, ఆమె పడేసరికి పోగు ముడిపడింది. ఇక ఇటు అఖిల ఒక్కతే. అటు ముగ్గురు.

ఎక్కింది. ఒక బాణం స్తంభానికి తగిలింది, ఒకటి ఆమె భుజానికి. ప్రాణం సగం పోయింది. తోలు చొక్కా ఉంటే అంత పోయేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కొసకు చేరి వెనక్కి వాలేసరికి ఎదుటి స్తంభం మీద వాడు ఇంకాస్త హాయిగా వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలి, విల్లు చెవి దాకా లాగాడు.

ఠప్.

బాణం చప్పుడు కాదది. వాడి తాడు. కొనుక్కున్న తాడు మూడు ఆటల్లో మూడోసారి ఎక్కింది, లోపల ఏ పోగు చచ్చిందో వాడికి కనపడే దారే లేదు. పులిచారల తోలు చొక్కాతో సహా వాడు కింద పడ్డాడు. తోలు చొక్కా బాణాన్ని ఆపుతుంది గానీ నేలను ఆపుతుందా?

మిగిలింది ఇద్దరు. మందు వేసే మనిషి, డాలు మనిషి. వాళ్ళ దగ్గర నడుము తాడు లేదు. అఖిల తండ్రి వాలినట్టు వాలింది. తొందరపడలేదు. మొదటి బాణం మందు మనిషికి. డాలు మనిషి డాలు ముందుకు పట్టుకుని గుండ్రంగా తిరిగాడు పాపం. డాలు ముందు నుంచి వచ్చేదాన్ని ఆపుతుంది, నెత్తిమీద నుంచి వచ్చేదాన్ని కాదు. రెండో బాణం.

హాలు లేచి నిలబడింది. అభినవ్ ఏడుస్తున్నాడు, ఏడుస్తూ "నాలుగు సెకండ్లు, నాలుగు సెకండ్లు" అంటున్నాడు. సాయితేజ అఖిలను కుర్చీతో సహా ఎత్తబోయి నడుం పట్టేసుకున్నాడు. సౌమ్య ఆమె చెవి దగ్గర నోరు పెట్టింది.

"నేను సచ్చినంక, నువ్వు ఇందాక సూపెట్టిన మీ బాపును సూసినక్కా. నువ్వు ఎక్కుతుంటె అక్కడ ఆయన ఇంక కండ్లు మూసుకొనే ఉన్నడు. తువ్వాల గుప్పిట్లకెల్లి జార్సుకుంట బొటనేలుతోటి ఒత్తుతుండు. కొసదాంక."

మైకు పట్టుకున్నాయన అఖిల దగ్గరికి వచ్చి, విలుకాళ్ళంతా తోలు పని తీసుకుంటే మీరొక్కరే తాడు పని ఎందుకు తీసుకున్నారని అడిగాడు. అఖిలకు ఇంత జనం ముందు మాట్లాడి అలవాటు లేదు. అయినా మైకు అందుకుంది.

"మా బాపు గీత పని జేస్తడు సార్. కోనరావుపేట. ముప్పయ్యేండ్లసంది చెట్టు మీద రెండు చేతులు ఇడిసి కూసుంటుండు. నేను గది సూసుకుంటనే పెరిగిన. అగో, ఆడ నిలబడ్డడు సూడుండ్రి."

హాలంతా వెనక్కి తిరిగింది. నర్సింగం తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చప్పట్లు ఆగేదాకా తుడుచుకుంటూనే ఉన్నాడు. తర్వాత మొదటి బస్సుకే బయల్దేరాడు, సాయంత్రం చెట్లున్నాయి కదా. అఖిల కప్పు అభినవ్ చేతిలో పెట్టి తండ్రితో పాటే బస్సెక్కింది.

పొద్దు వాలే వేళకు ఇద్దరూ నేరుగా చెట్ల దగ్గరికే వచ్చారు. మల్లవ్వ అప్పటికే మోకు, కత్తులు తెచ్చి పెట్టింది. కల్లు కోసం వచ్చినవాళ్ళు నలుగురైదుగురు చెట్ల కింద కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన, "ఏంది నర్సింగం, నీ బిడ్డ ఏదో గెలిచిందట, ఏం గెలిచింది?" అని అడిగాడు.

నర్సింగం చెట్టును ఒకసారి కింది నుంచి మీది దాకా చూశాడు.

"చెట్టెక్కింది," అన్నాడు. "నాకంటె మీదికి."

అఖిల మోకు దగ్గరికి వెళ్ళింది. ఏడేళ్ళప్పటి నుంచి దాన్ని ముట్టలేదు. ఈ పూటైనా ఇస్తాడనుకుని చెయ్యి చాపింది. నర్సింగం ఆమె కంటే ముందే దాన్ని అందుకుని భుజాన వేసుకున్నాడు.

"ముట్టద్దు. గిది నాది," అన్నాడు. ఆయన కళ్ళు నిండి ఉన్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. "నీకు నాదెందుకే? నీది నీకున్నది గద."

ఈ మాటకే ఒకప్పుడు రెండు పూటలు అన్నం మానేసిన పిల్ల, ఇప్పుడు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, తడి కళ్ళు తుడుచుకుంది.

"అవు బాపూ," అంది, "నాది నాకున్నది. నువ్వు పట్టి సూసుకో, ఎక్కు."